హెచ్‌డీ కావాలంటే ముందు టీవీ వెనక్కి చూడండి

ప్రశ్న: మాది ఎంవీపీ కాలనీ. అయిదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు, బాల్కనీ ఉత్తరం వైపు. దసరాకి 43 అంగుళాల టీవీ తెచ్చాం. చిత్రం ఏమిటంటే, పాత డబ్బా టీవీలోనే బొమ్మ బాగుండేదనిపిస్తోంది. అత్తయ్యగారికి సాయంత్రమైతే సీరియళ్లు, మావారికి క్రికెట్. కేబులాయన హెచ్‌డీ బాక్స్ పెడతానంటున్నాడు. మా మరిది డిష్ పెట్టించమంటాడు. అబ్బాయేమో ఇంటర్నెట్ ఉండగా ఇవన్నీ ఎందుకంటాడు. ఏది మేలు?
– ఒక గృహిణి, విశాఖపట్నం

జవాబు: అమ్మా, మీ టీవీలో లోపమేమీ లేదు. మామూలు చానెల్ బొమ్మలో అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలుంటాయి. అన్నీ కలిపితే నాలుగు లక్షల పైచిలుకు. ఫుల్ హెచ్‌డీ టీవీకి 20 లక్షలకు పైగా కావాలి, 4కే అయితే 80 లక్షలు దాటాలి. లేని చుక్కల్ని టీవీ తనే ఊహించుకుని నింపుతుంది. పాస్‌పోర్టు ఫొటోని ఫ్లెక్సీ కొట్టించినట్టు మొహాలు అలుక్కుపోయేది అందుకే. పాత డబ్బా చిన్నది కాబట్టి అందులో ఇది బయటపడలేదు.

మీ మరిదిగారి మాటా, అబ్బాయి మాటా తర్వాత చూద్దాం. అక్కయ్యపాలెంలో నేను రిపేరు షాపు నడిపే రోజుల్లో ‘హెచ్‌డీకి డబ్బు కడుతున్నాం, తేడా ఏమీ లేదండీ’ అని వచ్చేవారు. ఇంటికెళ్లి టీవీ కాస్త ముందుకు లాగితే చాలాచోట్ల కనిపించేది ఒకటే. బాక్స్ హెచ్‌డీదే, టీవీకి తగిలించింది మాత్రం ఎరుపు, తెలుపు, పసుపు పిన్నుల తీగ. ఆ పసుపు పిన్నులోంచి హెచ్‌డీ రాదు, ఎంత ఖరీదైన బాక్స్ పెట్టినా రాదు. ఉండాల్సింది హెచ్‌డీఎంఐ తీగ. బొమ్మా, శబ్దమూ ఆ ఒక్క తీగలోనే వస్తాయి. తీగ మార్చాక బాక్స్ సెట్టింగుల్లోకి వెళ్లి 576 అని ఉంటే 1080 చేయించండి. ఆ తర్వాత చానెల్ నంబరు. ఈటీవీది ఒక నంబరు, ఈటీవీ హెచ్‌డీది ఇంకో నంబరు. జెమినీ, మా, జీ తెలుగు కూడా అంతే. అత్తయ్యగారు అలవాటు కొద్దీ పాత నంబరే నొక్కితే హెచ్‌డీకి కట్టిన డబ్బు గంగపాలే. కొత్త నంబర్లు పెద్ద అక్షరాలతో అట్టముక్క మీద రాసి రిమోట్ పక్కన పెట్టండి.

ఇక డిష్. మన విశాఖ 83 డిగ్రీల తూర్పు రేఖాంశానికి ఆనుకుని ఉంది. టాటా ప్లే వాడే ఉపగ్రహాలూ 83 డిగ్రీల దగ్గరే ఉన్నాయి. అంటే మనకు సూటిగా దక్షిణాన, దాదాపు 69 డిగ్రీల ఎత్తులో, నడినెత్తికి కాస్త ఇవతల. ఎయిర్‌టెల్‌ది 108 డిగ్రీల దగ్గర, మనకు ఆగ్నేయం వైపు, ఇంకాస్త కిందికి. సన్ డైరెక్ట్, డిష్ టీవీ ఈ రెండింటి మధ్యలో వస్తాయి. ఏ కంపెనీ అయినా మీ ఉత్తరపు బాల్కనీ పనికిరాదు. దక్షిణపు బాల్కనీ ఉన్నవాళ్లూ సంబరపడక్కర్లేదు, అంత ఎత్తున చూడాల్సిన డిష్‌కి పై అంతస్తు శ్లాబే అడ్డొస్తుంది. మీకు దారి డాబా ఒక్కటే. అసోసియేషన్ ఒప్పుకోవాలి, అక్కణ్నుంచి రెండో అంతస్తుకి తీగ దించాలి.

డిష్‌కి ఒక మంచి గుణం ఉంది. కరెంటు పోయినా ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే టీవీ నడుస్తుంది. కేబుల్‌కైతే వీధిలో ఆయన పెట్టిన యాంప్లిఫయర్‌కీ కరెంటుండాలి. కానీ గాలి సంగతి మీకు చెప్పాలా? 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వెళ్లిపోయాక డాబాల మీద వంగిన డిష్‌లు, వీధుల్లో తెగిన కేబుళ్లు, రెండూ చూశాం. తుపానుకి ఎవరి మీదా దయ లేదు.

మీ అబ్బాయి చెప్పింది కొట్టిపారేసే మాట కాదు. హెచ్‌డీకి నిలకడగా 5 ఎంబీపీఎస్ నెట్ వేగం వస్తే చాలు, గంటకు 3 జీబీ దాకా ఖర్చవుతుంది. అన్‌లిమిటెడ్ ఫైబర్ ఉంటే ఇబ్బంది లేదు, మొబైల్ హాట్‌స్పాట్‌తో మాత్రం వద్దు. లైవ్ మ్యాచ్ ఇంటర్నెట్‌లో కాస్త ఆలస్యంగా వస్తుంది. పక్క ఫ్లాట్‌లో ‘సిక్స్’ అని అరిచాక మీ టీవీలో బౌలర్ పరుగు మొదలుపెడతాడు. మీవారు దాన్ని భరిస్తారో లేదో మీకే తెలియాలి. అత్తయ్యగారికైతే నంబరు నొక్కగానే చానెల్ రావాలి. యాప్ తెరవడం, ప్రొఫైల్ ఎంచుకోవడం, మధ్యలో అప్‌డేట్... ఆవిడతో అంత పని చేయించకండి.

నేనైతే మీకు కేబుల్ హెచ్‌డీ బాక్సే చెబుతాను, అయితే ఒక షరతు. చానెళ్ల ప్యాక్ మొత్తం తీసుకోకండి. 2019 నుంచి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పద్ధతిలో ప్రతి చానెల్‌కీ విడిగా ధర ఉంది, కావాల్సినవే ఏరుకోవచ్చు. అత్తయ్యగారి సీరియళ్లు ఏ చానెళ్లలో వస్తాయో అవి, క్రికెట్‌కి ఒకటి, అంతే. వార్తలకి హెచ్‌డీ దండగ. ధర అడిగేటప్పుడు 18 శాతం జీఎస్టీ కలిపి నెలకెంతో చెప్పమనండి. కేబులాయన హాల్లో ఉండగానే సీరియల్ పెట్టించి పాత నంబరు, హెచ్‌డీ నంబరు మార్చి మార్చి చూడండి. చీర అంచు డిజైన్ విడిగా తెలియాలి. తెలియలేదా, ఆయన దగ్గరే బొమ్మని మరీ కుదించి పంపుతున్నారన్నమాట. అప్పుడు డాబా మీద డిష్ కోసం అసోసియేషన్‌ని అడగండి.

ప్రశ్న: మాది 32 అంగుళాల టీవీ. గాజువాకలో చిన్న ఇల్లు, హాలు పొడుగు. మంచం మీంచి టీవీకి పన్నెండు అడుగులు. హెచ్‌డీ పెట్టించాలా?

జవాబు: అవసరం లేదు. 32 అంగుళాల తెర మీద మామూలు చానెల్ చుక్కలు సుమారు పదకొండు అడుగులు దాటితే విడివిడిగా కంటికి ఆనవు. కుర్చీ ముందుకు లాక్కుని ఆరేడు అడుగుల్లో కూర్చుంటానంటే చెప్పండి, అప్పుడు తేడా ఉంటుంది.

ప్రశ్న: భీమిలిలో సముద్రానికి దగ్గరే మా ఇల్లు. చిన్న తుంపర పడినా డిష్ సిగ్నల్ పోతోంది. కంపెనీ మార్చాలా?

జవాబు: కుండపోతకి పోవడం మామూలే. ఆ తరంగాలను వాన పీల్చేస్తుంది, ఏ కంపెనీదైనా అంతే. తుంపరకే పోతోందంటే లోపం మీ డాబా మీదుంది. ఉప్పుగాలికి క్లాంపు తుప్పుపట్టి డిష్ కాస్త పక్కకు జరిగి ఉంటుంది, లేదా ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు కొమ్మకు ఉండే, సిగ్నల్ అందుకునే భాగం) దగ్గర కనెక్టర్‌లోకి నీరు దిగి ఉంటుంది. ఎండ కాసిన రోజున మెకానిక్‌ని పిలిచి కనెక్టర్ కోయించి కొత్తది వేయించండి, పైన వాటర్‌ప్రూఫ్ టేపు గట్టిగా చుట్టమనండి. క్లాంపులు గాల్వనైజ్డ్‌వి అడగండి. ఆయన డిష్ తిప్పుతున్నప్పుడు మీరు కింద బాక్స్‌లో సిగ్నల్ క్వాలిటీ తెర తెరిచి, అంకె ఎక్కడ పెరుగుతోందో ఫోన్‌లో చెబుతూ ఉండండి. ఆ పని అయ్యాకే డబ్బులివ్వండి.