ఉపన్యాసమిచ్చే కుర్రాడు

చిరంజీవికి ఆశీస్సులు.

కథ అందింది బాబూ. రాయడం వచ్చు నీకు, అందులో అనుమానం లేదు. కానీ చివరి పేజీన్నర చదివాక ఒళ్లు మండి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

పదహారేళ్ల కుర్రాడు. ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ, హాస్టల్. సంక్రాంతి సెలవులకి ఇంటికొచ్చి, కిరాణా కొట్టు కట్టేసి అప్పుడే గుమ్మంలోకి వచ్చిన తండ్రిని పట్టుకుని "మీ కలలు నా మీద రుద్దకండి" అని ఉపన్యాసం ఇస్తాడా? ఆయన తల దించుకుని వింటాడా? ఏ ఊళ్లో జరిగింది నాయనా ఇది? మాట్లాడింది వాడు కాదు, నువ్వు. చదువైపోయి, ఉద్యోగం వచ్చి, ఇంటికి డబ్బు పంపడం మొదలయ్యాక వచ్చిన ధైర్యాన్ని తీసుకెళ్లి ఆ పిల్లాడి నోట్లో పెట్టావు.

అదే కథలో ఆదివారం సీను రాసింది కూడా నువ్వే అంటే నమ్మబుద్ధి కావడం లేదు. హాస్టల్ గేటు పక్కన తల్లి డబ్బా మూత తీసి పులిహోర పెడుతోంది. తండ్రి వీక్లీ టెస్ట్ ర్యాంకుల కాగితం మీద పైనుంచి కిందికి వేలు జరుపుతూ కొడుకు పేరు వెతుకుతున్నాడు. పేరు రెండో పేజీలో ఉందని కుర్రాడికి తెలుసు. వేలు మొదటి పేజీ అడుక్కి చేరేలోగా డబ్బా ఖాళీ చెయ్యాలని గబగబా మింగుతున్నాడు. తల్లేమో ఆకలి మీదున్నాడనుకుని ఇంకో ముద్ద పెడుతోంది. ఇంత రాసినవాడికి ఆ ఉపన్యాసం ఎందుకయ్యా?

పెద్దవాళ్ల పెత్తనం కింద పెరిగే పిల్లలు తీర్పులు చెప్పరు, పెద్దవాళ్లని కనిపెడుతూ ఉంటారు. వాళ్ల అసలు చదువు అదే. మా ఇంట్లో నాన్నగారు సైకిల్ స్టాండు వేసే చప్పుడుని బట్టి మాకు ఆ పూట ఎలా గడుస్తుందో తెలిసిపోయేది. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం అడగాలంటే భోజనం అయి, వక్కపలుకు నోట్లో పడి, రేడియోలో వార్తలు ఇంకా మొదలవ్వకూడదు. ఆ కాస్త సందు మా పెద్దన్నయ్యకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలిసేది కాదు. వాడు నాన్నని ఒక్కనాడూ ఎదిరించలేదు. అలాగని వాడు అనుకున్నది చెయ్యకుండానూ లేడు.

మా ఊరి బడి సంగతి చెప్తాను. హెడ్మాస్టరుగారి బెత్తం అంటే ఊళ్లో పెద్దవాళ్లకి కూడా హడలే. డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగారు తనిఖీకి వచ్చిన రోజున ఆ బెత్తం కనబడలేదు. కుర్చీ తుడవడానికి గుడ్డ దొరక్క, హెడ్మాస్టరుగారు భుజం మీది కండువా తీసి తానే తుడిచారు. ముందు సీటు, తర్వాత చేతులు, మళ్లీ సీటు. క్లాసులో ఒక్కరూ నవ్వలేదు. మర్నాడు మామూలుకన్నా ఎక్కువే దెబ్బలు పడ్డాయి, ఎందుకో మాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

అది కథగా రాసి ఒక వారపత్రికకి పంపాను. అచ్చయ్యాక చూస్తే చివర్లో ఒక పేరా అదనం! మాస్టారు పిల్లల్ని దగ్గరికి తీసుకుని కన్నీళ్లు పెట్టుకున్నారట. ఫోన్ చేసి అడిగితే, "పిల్లల కథ కదమ్మా, కాస్త నీతి ఉండొద్దూ" అన్నాడు ఎడిటరు. పైగా పాఠకుల ఉత్తరాలన్నీ ఆ పేరానే మెచ్చుకున్నాయి. ఇప్పటికీ కడుపు మంటే నాకు.

ముళ్లపూడివారు కథ చెప్పే పని మొత్తం బుడుగుకే అప్పగించారు కాబట్టి ఆ పెద్దవాళ్లు అంత వింతగా కనబడతారు. ఆ తర్వాత రాసినవాళ్లకి ముద్దుమాటలు తప్ప ఇంకేం పట్టలేదు. ఇప్పుడు గాలి అటు తిరిగింది, ప్రతి తండ్రీ రాక్షసుడే. చలం 'బిడ్డల శిక్షణ'లో పెద్దవాళ్లని నిలదీశాడంటే అది వ్యాసాల పని. నువ్వు రాస్తున్నది కథ.

ఇంకో సంగతి. వార్డెన్ చెయ్యెత్తగానే నీ కుర్రాడు విద్యాహక్కు చట్టం ఎత్తుతాడు. 2009 నాటి ఆ చట్టంలో 17వ సెక్షన్ దెబ్బల్నీ, మానసిక వేధింపునీ నిషేధించిన మాట నిజమే. కానీ ఆ చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకి. వీడికి పదహారు. అది దిద్దుకున్నా కుదరదు, దెబ్బ పడబోయే క్షణంలో సెక్షన్లు చెప్పే పిల్లాణ్ని ఇంతకాలం పంతులమ్మగా చేసిన నేనైతే చూడలేదు. మోచెయ్యి అడ్డం పెట్టుకుంటాడు, అంతే.

ఆ వార్డెన్‌కి మీసం, గొంతు తప్ప ఏమీ ఇవ్వలేదు నువ్వు. అతనికి జీతమెంత? తన బ్యాచ్‌కి ర్యాంకులు తగ్గితే అతన్ని ఎవరు పిలిచి ఏమంటారు? తండ్రి సంగతీ అంతే. ఫీజు రెండో విడత ఆలస్యమైందని ఒక ముక్క రాసి వదిలేశావు. అకౌంట్స్ కౌంటర్ దగ్గర ఆయన్ని పక్కకి నిలబెట్టి వెనకవాళ్లని పిలుస్తుంటే, అవుటింగ్ స్లిప్పు కోసం లైన్లో ఉన్న కొడుకు చూస్తే? చూసి, చూడనట్టు తల తిప్పుకుంటే? ఇంటికెళ్లాక వాడు ఏ ఉపన్యాసం ఇవ్వగలడో అప్పుడు నువ్వే చెప్పు.

పోటీకి పంపాలా, కలం పేరు పెట్టుకోవాలా అని కూడా అడిగావు. పోటీల గురించి మాత్రం నన్ను కదిలించకు, ఇంకో ఉత్తరమంత తిట్లు పడతాయి.

చివరి పేజీన్నర కొట్టేసి, కౌంటర్ సీను రాసి మళ్లీ పంపు. పోస్టులోనే పంపు బాబూ, వాట్సాప్‌లో పెడితే నా కళ్లకి ఆనదు. ఒత్తులు సరిచూసుకో, 'కష్టం' అన్నచోటల్లా 'కస్టం' అని పడింది.

ఉంటాను.