బేస్‌బాల్లో కొత్త జట్టు మొదటి ఏడాదే ఎందుకు గెలవదు? 1998లో ఫీనిక్స్‌లో నేను చూసింది

2022లో గుజరాత్ టైటన్స్ వచ్చీ రాగానే ఐపీఎల్ కప్పు ఎత్తుకుపోయారు కదా, అమెరికా బేస్‌బాల్లో కొత్తగా చేర్చుకున్న జట్లు మాత్రం మొదటి సీజన్‌లో ఎందుకు చితికిపోతాయి అని అడిగారు. నేను దగ్గరుండి చూసిన జట్టు 162 మ్యాచ్‌లు ఆడి 97 ఓడిపోయింది. ఆ ఏడాదంతా ఆ ఊళ్లోనే ఉన్నాను కాబట్టి జవాబు కాస్త పెద్దదే అవుతుంది, ఓపిక చేసుకోండి.

1998 జనవరిలో ఫీనిక్స్‌లో దిగాను. వైటూకే రోజులు అవి, అమీర్‌పేటలో నాలుగు నెలలు కోబాల్ నేర్చుకున్నవాడికల్లా వీసా స్టాంపు పడుతున్న కాలం. టెంపేలో ఒక రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో నలుగురం తెలుగువాళ్లం, నలుగురికీ కలిపి ఒక పాత కారు. బేస్‌బాల్ అంటే ఏమిటో మాలో ఒక్కడికీ తెలీదు. కానీ ఊళ్లో ఎటు చూసినా ఊదారంగే, షాపుల్లో, బస్సుల మీద, ఆఫీసు కాఫీ మగ్గుల మీద కూడా. ఏంటిది ఎలక్షన్లా అని అడిగితే మా పక్క క్యూబికల్ పెద్దాయన నవ్వి, ఈ ఊరికి మొదటిసారి సొంత బేస్‌బాల్ జట్టు వస్తోంది, పేరు అరిజోనా డైమండ్‌బ్యాక్స్ అని చెప్పాడు. డైమండ్‌బ్యాక్ అంటే ఆ ఎడారిలో తిరిగే గిలక పాము. ఆయనది షికాగో, ఫీనిక్స్ వచ్చి ఇరవై ఏళ్లు. నాకు వచ్చిన బేస్‌బాలంతా ఆయన నేర్పిందే, లంచ్ బాక్సు ముందు పెట్టుకుని, టిష్యూ పేపర్ మీద బొమ్మలు వేసి.

అసలు విషయానికి వస్తే, తేడా అంతా ఆటగాళ్లను ఎలా ఇస్తారన్న దగ్గరే ఉంది. 2022లో ఐపీఎల్‌లో ఏం చేశారు? పాత జట్లు నలుగురి కంటే ఎక్కువమందిని ఉంచుకోకూడదన్నారు, మిగతావాళ్లంతా మళ్లీ వేలంలోకి వచ్చారు. అది మొదలవకముందే కొత్త జట్లకి తలా ముగ్గుర్ని ఎంచుకునే అవకాశం ఇచ్చారు, గుజరాత్ వాళ్లు హార్దిక్ పాండ్యా, రషీద్ ఖాన్, శుభ్‌మన్ గిల్‌ని పట్టుకున్నారు. అంటే దాదాపు అందరూ ఒకే గీత మీద నుంచి పరుగు మొదలెట్టినట్టే.

బేస్‌బాల్లో అలా కాదు. 1997 నవంబర్ 18న ఫీనిక్స్‌లోనే ఆ పంపకం (దాన్నే డ్రాఫ్టంటారు) జరిగింది. ఆ ఏడాది కొత్త జట్లు రెండు, ఒకటి అరిజోనా, రెండోది ఫ్లోరిడాలోని టాంపా బే. అప్పటికున్న 28 జట్లలో ప్రతి ఒక్కటీ తన 15 మంది ముఖ్యుల్ని ముందే పక్కన పెట్టేసుకుంటుంది, వాళ్ల మీద చెయ్యి వెయ్యడానికి లేదు. మిగిలినవాళ్లలోంచి కొత్తవాళ్లు ఎంచుకోవాలి. పైగా ఒక రౌండు అయిపోగానే పాత జట్లు ఇంకో ముగ్గుర్ని దాచేసుకోవచ్చు. మొత్తం మూడు రౌండ్లు, కొత్త జట్టుకి 35 మంది.

ఐటీలో పనిచేసినవాళ్లకి ఇది చిటికెలో అర్థమవుతుంది. కంపెనీలో కొత్త ప్రాజెక్టు మొదలైంది, తలా ఇద్దర్ని ఇవ్వండి అని మిగతా మేనేజర్లందరికీ పైనుంచి మెయిల్ వస్తుంది. ఎవర్నిస్తారు? టీమ్‌ని మోస్తున్నవాణ్ని ఇస్తారా? మొన్ననే చేరినవాణ్నో, మేనేజర్‌తో పడనివాణ్నో, జీతం ఎక్కువై పని తగ్గినవాణ్నో ఇస్తారు. ఇదేదో ఊహించి చెప్పడం లేదు, ఆ ఫీనిక్స్ క్లయింట్ దగ్గరికి మా కన్సల్టెన్సీ నన్ను పంపింది సరిగ్గా ఈ పద్ధతిలోనే. అంతకుముందు ఆరు వారాలు జీతం లేకుండా బెంచ్ మీద కూచోబెట్టారు, పేరెందుకు లెండి. పెద్దాయన టిష్యూ పేపర్ మీద ఈ డ్రాఫ్టు సంగతి వివరిస్తుంటే నాకు ఆటగాళ్లు కనపడలేదు, మా గెస్ట్‌హౌస్‌లో పరుపులు పరుచుకుని ఫోన్ కోసం ఎదురుచూసిన పదిమంది కనపడ్డారు.

అయితే అరిజోనా యజమాని జెర్రీ కొలాంజెలో ఈ వదిలేసినవాళ్లతోనే సరిపెట్టుకునే రకం కాదు. ఆ ఊరి బాస్కెట్‌బాల్ జట్టు సన్స్ కూడా అప్పట్లో ఆయనదే. లీగులో చేరడానికే 13 కోట్ల డాలర్లు కట్టారు. జట్టు మొదటి మ్యాచ్ ఆడటానికి రెండేళ్ల ముందే బక్ షోవాల్టర్‌ని మేనేజర్‌గా పెట్టుకున్నారు (బేస్‌బాల్లో మేనేజరంటే కోచే). క్లీవ్‌లాండ్ నుంచి మ్యాట్ విలియమ్స్‌ని మార్పిడి చేసుకున్నారు, జే బెల్‌కి ఐదేళ్లకి 3 కోట్ల 40 లక్షల డాలర్లిచ్చారు, ఆండీ బెనెస్ అనే పిచ్చర్‌ని తెచ్చుకున్నారు (పిచ్చరంటే మన బౌలర్ అనుకోండి). కాలేజీ నుంచి వచ్చిన ట్రావిస్ లీ అనే కుర్రాడి మీద కోటి డాలర్లు పెట్టారు. కాగితం మీద చూస్తే పర్లేదు, బాగానే ఉంటుందిలే అనిపించింది. నాకు ఏం తెలుసని అనిపించిందో మరి.

మార్చి 31న మొదటి మ్యాచ్, కొలరాడో రాకీస్ మీద. టికెట్లు దొరికే ప్రశ్నే లేదు, ఇంట్లో టీవీ ముందు నలుగురం పప్పు చారన్నం తింటూ చూశాం. ట్రావిస్ లీ హోమ్ రన్ (బంతిని గోడ దాటించడం, మన సిక్సర్ లాంటిది) కొడితే స్టేడియం అదిరిపోయింది, జట్టు చరిత్రలో మొదటి హిట్టూ మొదటి హోమ్ రన్నూ ఆ కుర్రాడివే. మ్యాచ్ మాత్రం 9-2తో పోయింది. తర్వాతదీ పోయింది. ఆ తర్వాతదీ. వరసగా ఐదు ఓడాక ఏప్రిల్ 5న శాన్‌ఫ్రాన్సిస్కో జయంట్స్ మీద 3-2తో గెలిచారు. మర్నాడు ఆఫీసులో కప్పు గెలిచినంత సంబరం, ఎవరో డోనట్లు తెచ్చి పంచారు. మన దగ్గర ఒక్క మ్యాచ్ ఓడితేనే దిష్టిబొమ్మలు తగలబెట్టే రోజులవి, ఐదు ఓడి ఒకటి గెలిచినందుకు స్వీట్లు పంచుకోవడం చూసి వీళ్లకేమైనా పిచ్చా అనుకున్నాను.

ఇక స్టేడియం సంగతి చెప్పకపోతే ఈ జవాబు పూర్తవదు. బ్యాంక్ వన్ బాల్‌పార్క్ అని, ఇప్పుడు పేరు మారింది. మాది అనంతపురం, ఎండలు మాకు కొత్తా అనుకుని వెళ్లినవాణ్ని, ఫీనిక్స్ జూన్ చూసి నోరు మూసుకున్నాను. ఆ ఎండలో బహిరంగ మైదానంలో ఎవడు కూచుంటాడు? అందుకని తెరిచి మూసే కప్పు కట్టారు, లోపలంతా ఏసీ. కానీ అప్పట్లో కింద ఉన్నది నిజం గడ్డి, దానికి ఎండ కావాలి. అందుకని కప్పు తెరిచి గడ్డికి ఎండ తగలనిచ్చి, మ్యాచ్‌కి కొన్ని గంటల ముందు మూసి చల్లబరిచేవాళ్లు. అంతటితో ఆగారా, కుడివైపు బౌండరీ గోడ అవతల ఒక స్విమ్మింగ్ పూల్ కూడా పెట్టారు, డబ్బున్నవాళ్లు అద్దెకి తీసుకుని నీళ్లలో ఈదుతూ మ్యాచ్ చూడొచ్చు. ఈ వైభవానికి కౌంటీలో అమ్మకం పన్ను పావు శాతం పెంచి 23 కోట్ల 80 లక్షల డాలర్లు జనం దగ్గరే వసూలు చేశారు, అది ఇష్టంలేక గొణిగేవాళ్లు మా ఆఫీసులోనే నలుగురైదుగురు ఉండేవాళ్లు. గొణుగుతూనే టికెట్లు కొనేవాళ్లు.

నేను మొదటిసారి లోపలికి వెళ్లింది మే 12న, షికాగో కబ్స్ వచ్చినప్పుడు. టికెట్ పెద్దాయనే తీశాడు. అన్నిటికంటే పై వరస, అక్కడినుంచి ఆటగాళ్లు చీమల్లా ఉన్నారు. చేతిలో పొట్లంనిండా పెంకుతో వేయించిన ఉప్పు వేరుశనక్కాయలు, పెంకులు అక్కడే కాళ్ల దగ్గర పడేయొచ్చట, ఎవరూ ఏమీ అనరు! అనంతపురం వాణ్ని, వేరుశనక్కాయల కోసం డాలర్లు పెట్టడానికి ప్రాణం ఒప్పలేదు గానీ తిన్నాను.

ఆ రోజు కబ్స్ ఆటగాడు మార్క్ గ్రేస్ ఒక హోమ్ రన్ కొట్టాడు, బంతి పోయి నేరుగా ఆ స్విమ్మింగ్ పూల్‌లో పడింది. మ్యాచ్‌లో అందులో పడ్డ మొదటి బంతి అదే. నా చుట్టూ ఉన్నవాళ్లు లేచి నిలబడి గంతులేస్తున్నారు. మన ఊళ్లో మన జట్టు మీద అవతలివాడు కొడితే వీళ్లెందుకు ఎగురుతున్నారని చూద్దును కదా, మా పెద్దాయన కూడా ఎగురుతున్నాడు! ఆయన జేబులోంచి కబ్స్ టోపీ బయటికొచ్చింది. ఫీనిక్స్‌లో సగం మంది చలికి తట్టుకోలేక ఎక్కడెక్కడినుంచో వచ్చి స్థిరపడ్డవాళ్లు, వాళ్ల నాన్నలు, తాతలు పాత ఊళ్ల జట్లకే దణ్ణాలు పెట్టినవాళ్లు. పైగా కబ్స్ ఏటా మార్చిలో ప్రాక్టీసుకి పక్కనున్న మేసాకే వస్తారు. కొత్త జట్టుకి ఆటగాళ్లనంటే ఎలాగోలా తేవచ్చు, అభిమానుల్ని తేవడం ఇంకా కష్టం. ఎవరికీ ముందు నుంచీ ఆ జట్టు లేదు. నిజానికి నాకు వేరే జట్టేదీ తెలీదు కాబట్టి, ఆ ఊళ్లో పూర్తిగా డైమండ్‌బ్యాక్స్ వాళ్లం ఎవరమంటే చిన్నపిల్లలూ, నాలాంటి హెచ్‌వన్ వాళ్లూను.

ఆ నెలలోనే ఇంకోటి జరిగింది, ఇప్పటికీ దాని గురించి మాట్లాడుకుంటారు. మే 28, శాన్‌ఫ్రాన్సిస్కోలో మ్యాచ్. ఆఖరి ఇన్నింగ్స్, మనవాళ్లు 8-6 ఆధిక్యం, ఇంకొక్కణ్ని అవుట్ చేస్తే అయిపోతుంది. కానీ మూడు బేసుల్లోనూ (బేసులంటే పరుగు కోసం బ్యాటర్ వరసగా తాకుతూ చుట్టి రావాల్సిన చోట్లు) జయంట్స్ వాళ్లు నిలబడి ఉన్నారు, బ్యాటింగ్‌కి వచ్చింది బ్యారీ బాండ్స్. బేస్‌బాల్లో ఒక వెసులుబాటు ఉంది, బ్యాటర్‌కి భయపడితే కావాలనే మొదటి బేసుకి పంపేయొచ్చు, అప్పట్లో అందుకు నాలుగు బంతులు దూరంగా వేసేవాళ్లు. కాకపోతే బేసులన్నీ నిండి ఉన్నప్పుడు అలా చేస్తే మూడో బేసులో ఉన్నవాడు నడుచుకుంటూ వచ్చి పరుగు తీసుకుంటాడు. ఆఖరి వికెట్ ఉండగా రెండు పరుగులు కాపాడుకోవాల్సినప్పుడు అందులో ఒకటి మనమే చేతిలో పెట్టి ఇవ్వడం అన్నమాట. షోవాల్టర్ అదే చేయించాడు. 8-7 అయింది. తర్వాత వచ్చిన బ్రెంట్ మేన్ కొట్టిన బంతి కుడివైపు ఫీల్డర్ చేతిలో పడింది, మ్యాచ్ గెలిచారు.

నేను చూడలేదు, మర్నాడు శుక్రవారం ఆఫీసులో దీని మీద గంటన్నర పంచాయితీ నడిచింది. ఒకాయన అవమానం అన్నాడు, పెద్దాయన మాత్రం, పోగొట్టుకోవడానికి ఏమీ లేని జట్టే ఇలాంటివి చేయగలదు అన్నాడు. మా జట్టు అని మొదటిసారి గట్టిగా వాదించింది నేను ఆ రోజే.

జులై, ఆగస్టుల సంగతి చెప్పడానికి పెద్దగా లేదు. దాదాపు రోజూ మ్యాచ్, ఓటమి అలవాటైపోతుంది. టెన్షన్ పడటం మానేసి స్కోరు చూసి నిద్రపోయేవాళ్లం. పైగా ఆ వేసవిలో దేశమంతా మార్క్ మెగ్వయర్, శామీ సోసా అనే ఇద్దరు బ్యాటర్ల హోమ్ రన్ పందెం చూస్తోంది, మా గిలక పాముల్ని పట్టించుకున్నది ఎవరు? చివరికి 65 గెలుపులు, 97 ఓటములు, మా గుంపు జట్లలో, అంటే డివిజన్‌లో, అట్టడుగున, మొదటి స్థానంలోని శాన్‌డియాగోకి 33 మ్యాచ్‌ల దూరంలో. మరీ తీసిపారేయకండి, టాంపా బే గెలిచింది 63, 1993లో కొత్తగా వచ్చిన కొలరాడో 67, ఫ్లోరిడా మార్లిన్స్ 64, అదే 1962 నాటి న్యూయార్క్ మెట్స్ అయితే నలభై గెలిచి నూట ఇరవై ఓడింది. 1998లో అందరికంటే గొప్పగా ఆడిన న్యూయార్క్ యాంకీస్ కూడా 48 ఓడారు. ఐపీఎల్‌లో పద్నాలుగు మ్యాచ్‌లు, ఇద్దరు మంచి ఫామ్‌లో ఉంటే గట్టెక్కేయొచ్చు. 162 మ్యాచ్‌లలో దాచుకోవడానికి చోటుండదు, పదిహేనో ఆటగాడూ ఇరవయ్యో ఆటగాడూ ఎలాంటివాళ్లో బయటపడిపోతుంది. కొత్త జట్టుకి సరిగ్గా అక్కడే బలం లేదు.

కానీ చూడండి, ఆ ఓడిన ఏడాది స్టేడియానికి వచ్చినవాళ్లు 36 లక్షల పైచిలుకు. మరుసటి ఏడాది ర్యాండీ జాన్సన్ అనే పిచ్చర్‌ని తెచ్చి, ఏకంగా 100 మ్యాచ్‌లు గెలిచి డివిజన్ కొట్టారు, వచ్చిన జనం మాత్రం 30 లక్షలకి తగ్గారు. టికెట్ ధరలు పెంచారు, అదొక కారణం. కొత్త మోజు తీరిపోవడం ఇంకోటి. మన డెక్కన్ చార్జర్స్ 2008లో ఆఖరి స్థానంలో ఉండి 2009లో కప్పు కొట్టినప్పుడు మావాళ్లందరూ అద్భుతం అంటుంటే నాకు పెద్ద ఆశ్చర్యం అనిపించలేదు, ఈ సినిమా ముందే చూశాను కదా. కాకపోతే అరిజోనా వాళ్లు జీతాలు తర్వాత ఇస్తాం అని వాయిదాల మీద తెచ్చుకున్న ఆటగాళ్ల అప్పు ఆ తర్వాత చాలా ఏళ్లు మెడకి చుట్టుకుంది.

2000లో ప్రాజెక్టు అయిపోయి నేను న్యూజెర్సీకి మారాను. 2001 నవంబర్ 4, వరల్డ్ సిరీస్ (కప్పు తేల్చే ఫైనల్ పోటీ) ఏడో మ్యాచ్, అరిజోనా, యాంకీస్. గదినిండా యాంకీస్ అభిమానులు, ఊదారంగు టోపీ పెట్టుకున్నవాణ్ని నేనొక్కణ్నే. ఆఖరి ఇన్నింగ్స్‌కి 2-1తో వెనకబడ్డాం, ఎదురుగా యాంకీస్ పిచ్చర్ మారియానో రివేరా, అందరూ లేచి జాకెట్లు వేసుకుంటున్నారు. మొదట బ్యాటింగ్‌కి వచ్చి హిట్ కొట్టి బేస్ ఎక్కింది ఎవరనుకున్నారు? మార్క్ గ్రేస్. ఆ ఏడాదే కబ్స్ వదిలి మా జట్టులోకి వచ్చాడు. కాసేపటికి లూయిస్ గొంజాలెజ్ కొట్టిన బంతితో 3-2, అయిపోయింది. వెంటనే ఫీనిక్స్‌కి ఫోన్ చేశాను, పెద్దాయన ఎత్తి హలో కూడా అనలేదు, "మా గ్రేస్‌ని చూశావా" అన్నాడు.