ఓపెన్‌కాస్ట్ (నేల పైనుంచి తవ్వే) బొగ్గుగనిలో బ్యాక్‌ఫిల్లింగ్, అంటే బొగ్గు తీసిన గుంతను మట్టితో నింపడం, ఎప్పుడు మొదలుపెట్టాలి? తవ్విన మట్టి అంతా గుంతలో పడుతుందా?

గని ప్లానింగ్‌లో పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను. ఏ సంవత్సరం మొదలవుతుందని కాకుండా, అట్టడుగు సీమ్ (బొగ్గు పొర) ముందుగా ఏ మూల ఖాళీ అవుతుందో చూడండి. కింద బొగ్గు ఉండగా మట్టి పోస్తే ఆ బొగ్గును వదులుకున్నట్టే. అందుకే బాక్స్ కట్‌లో (గని తెరవడానికి వేసే మొదటి కోతలో) వచ్చే మట్టి బయటి డంపుకే వెళ్తుంది.

చాలామంది ఉత్పత్తి పట్టిక చూసి బ్యాక్‌ఫిల్లింగ్ సంవత్సరం వేసేస్తారు. నాకు ఆ లెక్క మీద నమ్మకం లేదు. ఏడాదికేడాది ఖాళీ అయ్యే ఫ్లోర్‌ను (గని అడుగును) మ్యాపు మీద గీయండి. అందులోంచి ర్యాంపు, సంపు (నీళ్లు చేరే గుంత), షవెల్ (తవ్వే యంత్రం), డంపర్లు తిరిగే చోటు తీసేయండి. మట్టి పోయడానికి నిజంగా దొరికేది ఆ మిగిలినదే, అది అనుకున్నదానికంటే చాలా తక్కువగా ఉంటుంది.

ఇక రెండో ప్రశ్న. తవ్వితే మట్టి ఉబ్బుతుంది, తర్వాత కొంత అణుగుతుంది. అణిగాక కూడా 15 శాతం ఎక్కువ ఉంటుందనుకోండి. టన్ను బొగ్గు నేలలో సుమారు 0.7 క్యూబిక్ మీటర్లు ఆక్రమిస్తుంది. స్ట్రిప్పింగ్ రేషియో (టన్ను బొగ్గుకు తీయాల్సిన మట్టి, క్యూబిక్ మీటర్లలో) 4 అయితే గుంత 4.7 (4 + 0.7), నింపడానికి ఉబ్బిన మట్టి 4.6 (4 × 1.15). దాదాపు సరిపోయింది. అదే రేషియో 1.5 అయితే గుంత 2.2, మట్టి 1.7 మాత్రమే. ఎంత జాగ్రత్తగా పోసినా నేల పాత మట్టానికి రాదు. మొదటి సందర్భంలోనూ ఆఖరి కోత గుంతగానే మిగులుతుంది, ఎందుకంటే దానికి సరిపడే మట్టి బయటి డంపులో ఉంది. దాన్ని వెనక్కి తోలాలా, నీళ్లు నిలిచే చెరువుగా వదలాలా అన్నది ఖర్చు లెక్కతో సహా ఇప్పుడే ప్లాన్‌లో రాసుకోవాలి.

మట్టి పోసే ముందు ఫ్లోర్ శుభ్రం చేయించండి. దీని మీద ఎవరూ పెద్దగా శ్రద్ధ పెట్టరు. బురద మీద పోసిన డంపు వానాకాలంలో పాదం దగ్గర జారడం నేను చూశాను. ఫ్లోర్ నున్నగా, వాలుగా ఉంటే బ్లాస్టింగ్‌తో గరుకు చేయడం మంచిది. బొగ్గు కలిసిన షేల్‌ను (పొరలు పొరలుగా ఉండే రాయిని) డంపు పైపొరలో వదలొద్దు, వేడెక్కి అంటుకుంటుంది. గంధకం ఎక్కువున్న రాయి తగిలితే దాన్ని లోపల పెట్టి బంకమట్టితో కప్పాలి, లేకపోతే ఆమ్లపు నీరు ఊరుతుంది.

పైమట్టి గురించి ఒక్కమాట. ఏళ్ల తరబడి ఎత్తైన కుప్పగా ఉంచితే దానిలో జీవం పోతుంది. కొత్తగా తీసింది తీసినట్టే పూర్తయిన డంపు మీద పరవాలంటే, పూర్తయిన చోటు ముందే ఉండాలి. కాబట్టి డంపును అంతటా పలచగా లేపకుండా ఒకవైపు చివరి మట్టానికి తెచ్చేయండి.

మీ సీమ్ వాలు ఎంతో రాయలేదు. అది బాగా ఎక్కువైతే పని దిశే మారుతుంది: ఒక కొసన పూర్తి లోతుకు దిగి, స్ట్రైక్ (సీమ్ వాలుకు అడ్డంగా, మట్టం మారకుండా సాగే దిశ) వెంట ముందుకు జరుగుతూ వెనక నింపుకుంటూ రావాలి.