రాగుల్లో కాల్షియం ఎంత? ఏ యాప్ మాట నమ్మాలి?

ప్రశ్న: అమ్మకు కాల్షియం ఎక్కువగా ఉన్న ఆహారం పెట్టమని డాక్టర్ చెప్పారు. వంద గ్రాముల రాగులకు ఒక యాప్ 364 మిల్లీగ్రాములు చూపిస్తోంది, మరొకటి అందులో పావు వంతు కూడా చూపించడం లేదు. ఏది నిజం?

జవాబు: 364 నమ్మదగిన అంకె. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ‘ఇండియన్ ఫుడ్ కంపోజిషన్ టేబుల్స్’లో రాగులకు ఉన్నది అదే. దేశంలోని ఆరు ప్రాంతాల నుంచి నమూనాలు తెప్పించి, 528 ఆహార పదార్థాలను ప్రయోగశాలలో పరీక్షించి తయారుచేసిన పట్టిక అది. మన ఊరి పంటల గురించి ఇంత శ్రద్ధగా చేసిన పని చేతికందే దూరంలో ఉండగా, ఎవరో రాసిన అంకెతో అమ్మ భోజనం లెక్క వేయనక్కర్లేదు.

ఆ పీడీఎఫ్‌ను ఫోన్‌లో దాచుకోండి. అందులో వెతికేటప్పుడు పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేయాలి. దొరక్కపోతే శాస్త్రీయ నామం ప్రయత్నించండి. మునగకైతే మోరింగా ఒలిఫెరా.

రెండో యాప్‌లో ఆ పదార్థం పేరు పూర్తిగా చదవండి. అది బహుశా రాగి జావ కావచ్చు. పట్టికలోని అంకె వండని గింజలది. జావలో నీళ్లు పోస్తే బరువు పెరుగుతుంది కానీ కాల్షియం పెరగదు. అందుకే గిన్నెను కాదు, పిండిని తూచండి. 30 గ్రాముల పిండితో చిక్కగా కాచినా, పలుచగా కాచినా సుమారు 109 మిల్లీగ్రాములే.

ఇంకో చిక్కు కూడా ఉంది. చాలా యాప్‌లలో వాడుకరులే వివరాలు చేర్చవచ్చు. అంకె ఎక్కడిదో చెప్పని యాప్‌ను నేనైతే పక్కన పెడతాను. ఓట్స్, బాదం వంటి వాటికి అమెరికా వ్యవసాయ శాఖ ‘ఫుడ్‌డేటా సెంట్రల్’ వెబ్‌సైట్ ఉచితంగా చూడవచ్చు. అక్కడ ప్రయోగశాల పరీక్షల అంకెలుండే ‘ఫౌండేషన్’ విభాగం తెరవండి. ‘బ్రాండెడ్’ విభాగంలో ఉండేవి ప్యాకెట్ల మీది వివరాలు.

కాల్షియంతో పాటు డాక్టర్ విటమిన్ డి కూడా రాసి ఉంటే కొలమానం చూసుకోండి. మందు ప్యాకెట్ మీద ఐయూ (ఇంటర్నేషనల్ యూనిట్లు) అని ఉంటుంది, పట్టికల్లో తరచుగా మైక్రోగ్రాములు ఉంటాయి. ఒక మైక్రోగ్రాము 40 ఐయూలకు సమానం. అంటే 60,000 ఐయూల పొడి ప్యాకెట్‌లో ఉన్నది 1,500 మైక్రోగ్రాములు. యాప్‌లో ఎక్కించే ముందు ఈ లెక్క ఒకసారి సరిచూసుకోండి.