ఏ కారుకు ఎంత ఆక్టేన్? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా కారు మాన్యువల్‌లో ‘కనీసం 91 ఆక్టేన్’ అని ఉంది. బంకులో 91తో పాటు 95, 98 కూడా దొరుకుతున్నాయి. అప్పుడప్పుడైనా ఖరీదైన పెట్రోలు పోయిస్తే ఇంజను శుభ్రపడుతుందనీ, పికప్, మైలేజీ పెరుగుతాయనీ మా బావగారు అంటున్నారు. ఆయన మాట వినమంటారా?

జవాబు: బావగారిని నొప్పించకుండా చెప్పాలంటే, మీ కారుకు 91 చాలు. అయితే ఆయన మాటను పూర్తిగా కొట్టిపారేయలేము. అందులో నిజం ఎంతో చివర్లో చెబుతాను.

ఆక్టేన్ సంఖ్య పెట్రోలులో ఎంత శక్తి ఉందో చెప్పదు. ఒత్తిడికీ వేడికీ లోనైనప్పుడు తనంతట తాను అంటుకోకుండా ఆ పెట్రోలు ఎంతవరకు నిభాయించుకోగలదో మాత్రమే చెబుతుంది. సిలిండర్‌లో పిస్టన్ పైకి వస్తూ గాలి, పెట్రోలు కలిసిన మిశ్రమాన్ని నొక్కుతుంది. స్పార్క్ ప్లగ్ దగ్గర పుట్టిన మంట అక్కడి నుంచి అంచుల దాకా వరుసగా పాకాలి. మంట ఇంకా చేరని మూలలో ఉన్న మిశ్రమం, అప్పటికే పెరిగిపోయిన ఒత్తిడికి తాళలేక ఒక్కసారిగా భగ్గుమంటే, ఆ అదురు సిలిండర్ గోడలకు తగిలి ఖంగుమంటుంది. మెకానిక్కులు నాకింగ్ అనేది దీన్నే. ఎత్తు ఎక్కేటప్పుడు గేరు తగ్గించకుండా, వేగం పడిపోతున్నా యాక్సిలరేటర్‌ను బలంగా తొక్కి చూడండి. రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఆడించినట్లు బానెట్ కింద చప్పుడు వస్తే, అది నాకింగే కావచ్చు. ఒకటి రెండు క్షణాలు వినిపించి పోతే భయపడనక్కరలేదు గానీ, అదే పనిగా కొనసాగితే పిస్టన్‌కు చేటు.

ఈ కొలమానం 1920లలో ఏర్పడింది. నాకింగ్‌ను బాగా తట్టుకునే ఐసో ఆక్టేన్‌కు 100 అనీ, ఏమాత్రం తట్టుకోలేని హెప్టేన్‌కు 0 అనీ లెక్క పెట్టుకున్నారు. 91 ఆక్టేన్ అంటే, 91 పాళ్లు ఐసో ఆక్టేన్, 9 పాళ్లు హెప్టేన్ కలిపితే ఎంత ఓర్పు వస్తుందో అంత ఓర్పు గల పెట్రోలు అని అర్థమే తప్ప, అందులో ఆక్టేన్ అంత పాలు ఉందని కాదు. నడుస్తుండగానే కంప్రెషన్‌ను, అంటే మిశ్రమాన్ని నొక్కే మోతాదును, పెంచడానికీ తగ్గించడానికీ వీలున్న ఒంటి సిలిండర్ ఇంజనులో పోసి, ఈ సంఖ్యను తేలుస్తారు.

మిశ్రమాన్ని ఎంత గట్టిగా నొక్కే ఇంజను అయితే అంత ఓర్పు గల పెట్రోలు కావాలి. మీ ఇంజను 91తోనే నాకింగ్ లేకుండా నడిచేలా రూపొందింది కాబట్టి, అందులో 98 పోయడం లేని జబ్బుకు మందు వేయడమే అవుతుంది. ఆక్టేన్ పెరిగితే శక్తి పెరుగుతుందన్న భ్రమ పోవాలంటే ఇథనాల్‌ను చూడాలి: దాని ఆక్టేన్ 100 దాటుతుంది, కానీ లీటరుకు వచ్చే శక్తి పెట్రోలుతో పోలిస్తే సుమారు మూడో వంతు తక్కువ. ఇక బావగారి మాటలోని నిజం. ఇంజను లోపలి మడ్డిని కడిగేవి పెట్రోలులో కలిపే డిటర్జెంట్ రసాయనాలు. వాటికీ ఆక్టేన్‌కూ సంబంధం లేదు. కొన్ని కంపెనీలు ఖరీదైన రకంలో వాటిని కాస్త ఎక్కువ కలుపుతాయి. ఆ రకానికి ‘ప్రీమియం’ అని పేరు పెట్టడంతోనే ఈ గందరగోళమంతా మొదలైందని నా అభిప్రాయం.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అమ్మాయి కారులో 87 పోయిస్తోంది. అక్కడి పెట్రోలు అంత నాసిరకమా?

జవాబు: కాదు, కొలిచే పద్ధతి వేరు. ఒకే పెట్రోలును రెండు విధాలుగా పరీక్షిస్తారు. ఇంజనును నిమిషానికి 600 చుట్లు తిప్పి, తేలిక పరిస్థితుల్లో చేసేది రీసెర్చ్ పద్ధతి. 900 చుట్లతో, మిశ్రమాన్ని ముందే వేడి చేసి పెట్టే కఠిన పరీక్ష మోటర్ పద్ధతి. చాలా దేశాల్లో మొదటి అంకెనే బంకుల్లో రాస్తారు. అమెరికా, కెనడాల్లో రెండింటి సగటు రాస్తారు. రీసెర్చ్ పద్ధతిలో 91, మోటర్ పద్ధతిలో 83 వచ్చిన పెట్రోలుకు సగటు 87 అవుతుంది. మీరు 91 అనేదీ, మీ అమ్మాయి 87 అనేదీ ఇంచుమించు ఒకటే. ఒక దేశంలో కొన్న కారును మరో దేశంలో నడిపేవారు మాత్రం మాన్యువల్‌లోని అంకె ఏ పద్ధతిదో తప్పక చూసుకోవాలి.

ప్రశ్న: నాది టర్బో కారు. ట్యాంకు మూత లోపల 95 అని ఉంది. మొన్న ప్రయాణంలో 95 దొరక్క సగం ట్యాంకు 91 పోయించాను. ఇంజను పాడవుతుందా?

జవాబు: ఆ ఒక్కసారికే పాడవదు. ఇంజనుకు బిగించిన నాక్ సెన్సర్ ఆ అదురును పసిగట్టగానే, కంప్యూటర్ స్పార్క్‌ను కాస్త ఆలస్యం చేసి నాకింగ్‌ను అణచివేస్తుంది. అందుకు బదులుగా పికప్ తగ్గుతుంది, మైలేజీ కూడా కొంత పడిపోవచ్చు. మిగతా సగం ట్యాంకులో 95 ఉండి ఉంటే, కలిసిన పెట్రోలు దాదాపు 93 అవుతుంది. అది తగ్గేదాకా పూర్తి బరువుతో ఎత్తులు ఎక్కించకుండా, యాక్సిలరేటర్‌ను నెమ్మదిగా తొక్కుతూ నడిపి, వీలైనంత త్వరగా 95 పోయించండి. మూత మీద ‘సిఫారసు’ అని ఉందా, ‘తప్పనిసరి’ అని ఉందా అన్నది కూడా చదవండి. సిఫారసు అయితే తక్కువ రకంతో పనితీరు మాత్రమే తగ్గుతుంది. తప్పనిసరి అయితే తక్కువ రకాన్ని అలవాటు చేసుకోకూడదు, ఎందుకంటే సెన్సర్ స్పార్క్‌ను వెనక్కి జరపడానికీ ఒక హద్దు ఉంది.

ప్రశ్న: మా డీజిల్ కారుకు ఏ ఆక్టేన్ మంచిది?

జవాబు: డీజిల్‌ను కొలిచేది ఆక్టేన్‌తో కాదు, సీటేన్ సంఖ్యతో. దాని గుణం ఇందుకు తలకిందులు: స్పార్క్ లేకుండా, ఒత్తిడికే త్వరగా అంటుకోవడం అక్కడ కావలసిన లక్షణం. అందుకే పొరపాటున డీజిల్ ట్యాంకులో ఏ ఆక్టేన్ పెట్రోలు పోసినా, తాళం తిప్పకుండా ముందు ట్యాంకు ఖాళీ చేయించాలి.