బర్మా నవల రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ ఉత్తరం, మొదటి మూడు అధ్యాయాలు అందాయి. రెండో ప్రపంచ యుద్ధకాలపు బర్మా మీద నవల కాబట్టి పాత వార్ సినిమాలన్నీ మళ్ళీ చూస్తున్నానని రాశావు. చూడు. కానీ పది సినిమాలు వరసపెట్టి చూసేకంటే ఒక్కటి పట్టుకుని, అదే విషయం మీద వచ్చిన చరిత్ర పుస్తకం పక్కన పెట్టుకో. నేనైతే ‘ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వై’తో మొదలుపెట్టమంటాను.

1957లో డేవిడ్ లీన్ తీసిన సినిమా. జపాన్ సైన్యానికి ఖైదీలుగా చిక్కిన బ్రిటిష్ సైనికులు, వాళ్ళ కల్నల్ నికల్సన్, శత్రువు రైలు కోసం వాళ్ళు కట్టే వంతెన, ఇదీ కథ. మొదటిసారి చూసేటప్పుడు చరిత్ర ఊసే వద్దు. ఎండకు కాగిపోయే రేకుల కొట్టులోంచి కల్నల్ నికల్సన్‌ని బయటికి తెచ్చే సీను దగ్గర ఆగు. కాళ్ళు నిలవవు, అడుగు తడబడుతుంది, అయినా తల దించకూడదని ఆ మనిషి పంతం. పోలియో నుంచి కోలుకుంటున్నప్పటి తన కొడుకు నడకను గుర్తుపెట్టుకుని, ఆ పాత్ర వేసిన అలెక్ గిన్నిస్ అలా నడిచాడు. నీ కెప్టెన్ మొండివాడని చెప్పడానికి నువ్వు రెండు పేజీలు రాశావు. ఆ సీను మళ్ళీ మళ్ళీ చూసి, ఆ రెండు పేజీలు తిరగరాయి.

ఆ తర్వాత పుస్తకం తెరువు. థాయిలాండ్‌లోని బాన్ పాంగ్ నుంచి బర్మాలోని తన్బ్యుజయాత్ దాకా 415 కిలోమీటర్ల రైలుమార్గాన్ని జపాన్ సైన్యం 1942-43లో యుద్ధఖైదీలతో, కూలీలతో వేయించింది. సినిమాలోని వంతెన ఆ దారిలోదే. సినిమా కల్నల్ శత్రువు కోసం మనసుపెట్టి వంతెన కట్టిస్తాడు. నిజంగా ఆ వంతెన కట్టిన శిబిరంలో ఖైదీల పెద్ద ఫిలిప్ టూసీ అనే బ్రిటిష్ ఆఫీసరు. ఆయన మనుషులు చెదపురుగులు ఏరుకొచ్చి కలపలో వదిలారు, కాంక్రీటు కావాలనే సరిగ్గా కలపలేదు. సినిమాలో మొదటి రైలు వచ్చేసరికే వంతెన కూలిపోతుంది. అసలుది 1945లో విమానాలు బాంబులు వేసేదాకా నిలిచింది. ఇవి చూపించి సినిమా అంతా అబద్ధం అనేవాళ్ళుంటారు. నేను అనను. ఆ కల్నల్ ఒక నవలలో పుట్టిన పాత్ర, కల్పించే హక్కు రచయితకు ఉంది, నీకూ ఉంది.

నా బాధ వేరు. ఆ రైలుమార్గం మీద మిత్రదేశాల ఖైదీలు 12 వేల మందికి పైగా చనిపోయారు. ఆసియా కూలీలు దాదాపు 90 వేల మంది పోయారని అంచనా. బర్మా వాళ్ళు, జావా వాళ్ళు, మలయా రబ్బరు తోటల్లోంచి తీసుకెళ్ళిన తమిళులు, వాళ్ళతో పాటు మన తెలుగువాళ్ళు. మంచి కూలి ఇస్తామని, కొద్ది నెలల పనేనని చెప్పారు. కొన్నిచోట్ల ఉచితంగా సినిమా వేస్తున్నామని పిలిచి, హాలు తలుపులు మూసి, అట్నుంచి అటే రైలెక్కించారు. 1943 వానల్లో కలరా వచ్చినప్పుడు ఖైదీలకు మందుల్లేకపోయినా సొంత డాక్టర్లయినా ఉన్నారు. చాలా కూలీ శిబిరాల్లో ఆ దిక్కు కూడా లేదు. రెండున్నర గంటలు దాటిన సినిమాలో వీళ్ళ కథ లేదు.

జనం బాగా చదివే యుద్ధ చరిత్రల్లోనూ వీళ్ళకి చోటు తక్కువే. ఆఫీసర్లు డైరీలు రాసి దాచుకున్నారు, ఇంటికి తిరిగొచ్చి జ్ఞాపకాలు అచ్చేయించారు. తోట కూలీలో చదువు వచ్చినవాడెంతమంది? వచ్చినా అడిగిందెవరు? అందుకే పుస్తకం కొనేముందు చివర ఉండే పేర్ల పట్టిక తిరగెయ్యి. కూలీల గురించి ఎన్ని పేజీలున్నాయో చూడు. ఆ రచయిత ఎవరితో మాట్లాడాడో, ఎవరి కాగితాలు చదివాడో అక్కడే తెలిసిపోతుంది.

నీ మూడో అధ్యాయంలో కెప్టెన్‌కి టీ ఇచ్చి వెళ్ళిపోయే తెలుగు కూలీ ఒకడున్నాడు. ఒక్క వాక్యంలో వచ్చి పోయాడు, పేరు కూడా పెట్టలేదు. ఏ తోట నుంచి వచ్చాడు, ఎవరు ఏం చెప్పి రైలెక్కించారు, ఇంటి దగ్గర ఎవరున్నారు, ఇవన్నీ ఆలోచించు. కెప్టెన్‌ని పక్కనపెట్టి ఒక అధ్యాయమంతా అతని వైపు నుంచే రాసి పంపు. యుద్ధం సీన్ల సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
అన్నయ్య