అన్నయ్య మీద కేసు, అమ్మ రాజీకి వెళ్తానంటోంది

ప్రశ్న: మా అన్నయ్య కేథలిక్ ఫాదర్. పన్నెండేళ్ల పాపతో తప్పుగా ప్రవర్తించాడని పోక్సో కేసు పెట్టారు. అమ్మ ఆ పాప తల్లి కాళ్లు పట్టుకునైనా కేసు వెనక్కి తీయిస్తానంటోంది. బాబాయ్ ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఆ పాప ఫోటో పెట్టి తిడుతున్నాడు. టెన్షన్‌తో నిద్ర లేదు. ఏం చెయ్యను?
– ఒక చెల్లెలు, బెంగళూరు

జవాబు: ముందు ఆ ఫోటో తీయించమ్మా, ఇవాళే. బాధిత పిల్లలెవరో బయటపెడితే జైలు పడొచ్చు, బాబాయ్‌కి ఆ ముక్క చెబితే చాలు. అమ్మను మాత్రం ఆ గడప తొక్కనివ్వకండి. ఆవిడ ఏడుస్తూ వెళ్లినా అవతలివాళ్లకది బెదిరింపే, సాక్షుల్ని ప్రభావితం చేశారంటూ అన్నయ్య బెయిల్‌కే ఎసరు రావచ్చు. పైగా రాజీతో ఇవి పోయే కేసులు కావు: రాజస్థాన్‌లో ఒక టీచర్ మీద కేసును రాజీ కుదిరిందని హైకోర్టు కొట్టేస్తే, 2024 నవంబరులో సుప్రీంకోర్టు మళ్లీ నడపమంది.

'చర్చి పరువు' అనే పెద్దలుంటారు, ఉంటారులెండి. పోప్ ఫ్రాన్సిసే 2019లో, ఇలాంటిది తెలిసిన ఫాదర్లు, సిస్టర్లు పైవాళ్లకు చెప్పి తీరాలని రూలు పెట్టారు, అదే ఏడాది డిసెంబరులో ఈ కేసుల్ని రహస్యంగా ఉంచాలన్న చర్చి నిబంధననూ ఎత్తేశారు.

అన్నయ్యకు మంచి లాయర్ని పెట్టండి, అది ఆయన హక్కు. 'మావాడు అలాంటివాడు కాదు' అని ఊరంతా చెప్పక్కర్లేదు, ఎందుకంటే ఆ గదిలో మీరు లేరు. మీ ఇంట్లోనూ పిల్లలుంటే, ఆయన వాళ్లతో ఎలా ఉండేవాడో మెల్లగా, భయపెట్టకుండా అడగండి. వాళ్లేమైనా చెబితే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యండి.